భగందరం: వ్యాధి, చికిత్సల చరిత్ర

మలద్వారం లోపలి పొరకూ దాని చుట్టూ ఉన్న చర్మానికీ మధ్య అసహజంగా ఒక సన్నని మార్గం ఏర్పడి, అందులోంచి చీము, రసి, ఒక్కొక్కప్పుడు మలం కూడా కారే స్థితిని భగందరం అంటారు. నేటి వైద్యులూ రోగులూ దీనిని ఎక్కువగా ఫిస్టులా అనే పేరుతోనే వ్యవహరిస్తున్నారు. శరీరంలో రెండు అవయవాల మధ్యగానీ, ఒక అవయవానికీ చర్మానికీ మధ్యగానీ ఉండకూడని దారి ఏర్పడితే దానిని ఫిస్టులా అనే అంటారు కాబట్టి, కష్టప్రసవం వల్ల మూత్రాశయానికీ యోనికీ మధ్య ఏర్పడేది, శస్త్రచికిత్స తర్వాత పేగు నుంచి పొట్ట చర్మానికి ఏర్పడేది కూడా ఈ కోవలోనివే. వీటిలో భగందరానికి సుదీర్ఘమైన లిఖిత చరిత్ర ఉంది. ఆ చరిత్ర పొడుగునా వైద్యులను వేధించిన చిక్కు ఒక్కటే: మార్గాన్ని పూర్తిగా తెరవకపోతే వ్యాధి తిరగబెడుతుంది, తెరిచేటప్పుడు మలాన్ని పట్టి ఉంచే సంవరణి కండరం ఎక్కువగా తెగితే రోగికి మలవిసర్జనపై అదుపు పోతుంది.

కారణాలు

మలద్వారపు గోడలో, లోపలి, వెలుపలి సంవరణి కండరాల నడుమ, చిన్న గ్రంథులు కొన్ని ఉంటాయి. వీటి నాళం మూసుకుపోయి సూక్ష్మజీవులు చేరినప్పుడు చీముగడ్డ ఏర్పడుతుంది. అది తనంతట తాను పగిలినా, వైద్యుడు కోసి చీము తీసినా, లోపలి రంధ్రం మూసుకోకపోతే ఆ దారి భగందరంగా నిలిచిపోతుంది. అత్యధిక సందర్భాలలో కారణం ఇదే. పేగుల గోడలను దీర్ఘకాలం వాపుకు గురిచేసే క్రోన్స్ వ్యాధి, క్షయ, గాయాలు, ఆ ప్రాంతంలో ఇచ్చిన రేడియేషన్ చికిత్స, అరుదుగా క్యాన్సర్ మిగిలిన కారణాలు. క్షయ ఎక్కువగా ఉన్న భారతదేశంలో పదేపదే తిరగబెట్టే భగందరాన్ని చూసినప్పుడు ఆ అనుమానంతో కణజాలాన్ని పరీక్షకు పంపడం అవసరం. ఈ వ్యాధి స్త్రీలలో కంటే పురుషులలో ఎక్కువ.

సుశ్రుతుని వర్గీకరణ

ప్రాచీన భారతీయ వైద్యంలో ఈ వ్యాధి గురించిన అతి విస్తృతమైన చర్చ సుశ్రుత సంహితలో ఉంది. నిదానస్థానం నాలుగో అధ్యాయం దీని కారణాలనూ లక్షణాలనూ, చికిత్సాస్థానం ఎనిమిదో అధ్యాయం చికిత్సనూ వివరిస్తాయి. వాతవ్యాధి, ప్రమేహం, కుష్ఠం, అర్శస్సు, అశ్మరి, మూఢగర్భం, ఉదరం అనే వాటితోపాటు భగందరాన్ని కూడా కలిపి, నయం చేయడం కష్టమైన ఎనిమిది మహారోగాలలో ఒకటిగా ఈ గ్రంథం లెక్కించింది. చీము పట్టక ముందు ఉన్న గడ్డను పిడక అనీ, అది పక్వమై పగిలిన తర్వాతి స్థితిని భగందరం అనీ వేరుచేసి చెప్పడం నిశితమైన పరిశీలన. గడ్డ దశలోనే చికిత్స చేస్తే వ్యాధి ముదరకుండా ఆపవచ్చునన్న ఆలోచన ఇందులో ఉంది.

రూపాన్ని బట్టి సుశ్రుతుడు ఐదు రకాలు చెప్పాడు. జల్లెడలా అనేక రంధ్రాలు ఉండేది శతపోనకం, ఒంటె మెడలా పైకి వంగి ఉండేది ఉష్ట్రగ్రీవం, ఎడతెగకుండా రసి కారేది పరిస్రావి, నత్తగుల్ల చుట్టులా మెలిదిరిగేది శంబూకావర్తం; ఆహారంతోపాటు మింగిన ఎముక ముక్క గుచ్చుకోవడం వల్ల వచ్చేది ఉన్మార్గి. చివరి రెండూ అసాధ్యమనీ, మిగిలిన మూడూ కష్టసాధ్యమనీ ఆయన నిర్ణయం. ఏషణి అనే శలాకతో మార్గాన్ని వెతికి, దాని వెంట కోసి, క్షారంతోగానీ అగ్నితోగానీ కాల్చాలన్నది ప్రధాన చికిత్స. మార్గం వ్యాపించిన తీరును బట్టి లాంగలకం, అర్ధలాంగలకం, సర్వతోభద్రం, గోతీర్థకం అనే కోతలను నిర్దేశించాడు. అనేక రంధ్రాలు ఉన్నప్పుడు అన్నిటినీ ఒకే గాయంగా కలిపి తెరిస్తే ఆ పెద్ద గాయం గుండా మలమూత్రాలు వెలువడే ప్రమాదం ఉందనీ, ఒకటి మానిన తర్వాతే మరొకదానిని కోయాలనీ చేసిన హెచ్చరిక, కండరాన్ని కాపాడవలసిన అవసరాన్ని అనుభవం మీద గుర్తించిన శస్త్రవైద్యుడిదని ఒప్పుకోక తప్పదు.

కృశించినవారికి, బలహీనులకు, శస్త్రమంటే భయపడేవారికి కత్తికి బదులుగా క్షారం పట్టించిన దారాన్ని వాడవచ్చునని నాడీవ్రణాల, అంటే లోతుగా గొట్టంలా సాగే పుండ్ల, సందర్భంలో సుశ్రుతుడు చెప్పాడు. ఈ క్షారసూత్రాన్ని తయారుచేసే విధానం 11వ శతాబ్దికి చెందిన చక్రపాణిదత్తుని గ్రంథంలో కనిపిస్తుంది.

ఐరోపాలో

గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరుతో వచ్చిన గ్రంథాలలో ఫిస్టులాలపై ప్రత్యేకంగా ఒకటి ఉంది. గుర్రపు వెంట్రుక చుట్టిన నారదారాన్ని మార్గంలోకి దూర్చి, ముడిని క్రమంగా బిగిస్తూ కండరాన్ని నెమ్మదిగా తెగనిచ్చే పద్ధతి అందులో వివరంగా ఉంది. ఆ తర్వాతి వెయ్యేళ్లకు పైబడిన కాలంలో రోమన్, అరబ్ వైద్యులు దారం, కత్తి, కాల్చడం అనే మూడు పద్ధతులనే కొనసాగించారు. ఇంగ్లండులో న్యూఆర్క్ పట్టణంలోనూ తర్వాత లండన్‌లోనూ వైద్యం చేసిన జాన్ ఆర్డర్న్ 1376లో ఈ వ్యాధిపై ఒక గ్రంథం రాశాడు. మార్గాన్ని ఒక్కసారిగా తెరవడం, ఆ తర్వాత ఘాటైన మందులతో గాయాన్ని బాధించకుండా శుభ్రంగా ఉంచడం ఆయన పద్ధతిలో మెచ్చదగిన అంశాలు.

ఈ వ్యాధికి ఐరోపా చరిత్రలో స్థానం తెచ్చిపెట్టినవాడు ఫ్రాన్సు రాజు 14వ లూయీ. 1686 ఆరంభంలో ఆయనకు మలద్వారం దగ్గర గడ్డ లేచి భగందరంగా మారింది. లేపనాలు ఫలించలేదు. వేడినీటి బుగ్గల నీటి గుణం తెలుసుకోవడానికి అదే వ్యాధి ఉన్న కొందరు రోగులను ముందుగా అక్కడికి పంపి చూశారు. వారికీ గుణం కనిపించలేదు. అప్పుడు రాజ శస్త్రవైద్యుడు షార్ల్ ఫ్రాన్స్వా ఫెలిక్స్ శస్త్రచికిత్సకు సిద్ధపడ్డాడు. అంతకు ముందు ఈ ఆపరేషన్ చేసిన అనుభవం లేకపోవడంతో ఆయన కొన్ని నెలలపాటు ఆస్పత్రులలోని పేద రోగులపై సాధన చేశాడు. ఆ రోగుల పేర్లు చరిత్రలో నిలవలేదు. అయినా రాజుకు దక్కిన ఆరోగ్యంలో వారి బాధకు గల వాటాను ప్రస్తావించకుండా ఈ ఘట్టాన్ని చెప్పడం న్యాయం కాదు.

1686 నవంబరు 18 ఉదయం వెర్సాయ్ రాజభవనంలో, మత్తుమందు లేని ఆ కాలంలో, ఆపరేషన్ జరిగింది. రాజు భార్య మాదాం ద మెంతెనో, మంత్రి లూవ్వా, ప్రధాన వైద్యుడు దాకెన్ అక్కడ ఉన్నారు. ఇందుకోసం ఫెలిక్స్ ప్రత్యేకంగా చేయించిన, కొసన సన్నని శలాక ఉన్న వంపు కత్తికి రాజకత్తి అనే పేరు వచ్చింది. గాయం సరిగా మానకపోవడంతో డిసెంబరులో మళ్లీ కోయవలసి వచ్చినా, 1687 జనవరి నాటికి రాజు కోలుకున్నాడు. ఆ ఆనందోత్సవాలలో భాగంగా కచేరీ నడిపిన సంగీతకర్త జాన్ బాప్టిస్ట్ లుల్లీ, తాళం వేసే కర్ర తన పాదానికే తగిలి, గాయం కుళ్లి, అదే సంవత్సరం మార్చిలో మరణించాడు. ఫెలిక్స్‌కు ధనమూ భూములూ లభించాయి. అంతకంటే ముఖ్యంగా, అప్పటివరకు మంగలివృత్తితో కలిపి చూసిన శస్త్రవైద్యానికి గౌరవం పెరిగింది; 1731లో పారిస్‌లో శస్త్రవైద్యుల అకాడమీ ఏర్పడడానికి, 1743లో శస్త్రవైద్యులు మంగళ్ల నుంచి చట్టరీత్యా వేరుపడడానికి ఈ ఘటన కూడా దోహదం చేసింది.

లండన్ ఆస్పత్రి

1835లో ఫ్రెడరిక్ సామన్ లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఏడు పడకలతో, ఈ వ్యాధితో బాధపడే పేదల కోసం ఒక చికిత్సాలయాన్ని స్థాపించాడు. అదే తరువాత సెయింట్ మార్క్స్ ఆస్పత్రిగా పేరుపొందింది. నవలాకారుడు చార్లెస్ డికెన్స్‌కు 1841లో ఈ శస్త్రచికిత్స చేసినవాడు సామనే. అదే ఆస్పత్రికి చెందిన డేవిడ్ గుడ్‌సాల్ 1900లో, బయటి రంధ్రం ఉన్న చోటును బట్టి లోపలి రంధ్రాన్ని ఊహించే సూత్రాన్ని ప్రకటించాడు. గ్రంథుల చీమే మూలకారణమన్న సిద్ధాంతాన్ని 1961లో బలపరిచిన అలన్ పార్క్స్, 1976లో సహచరులతో కలిసి 400 మంది రోగుల పరిశీలన ఆధారంగా భగందరాలను నాలుగు తరగతులుగా విభజించాడు: రెండు సంవరణి కండరాల నడుమ నుంచి దిగేవి, వెలుపలి కండరాన్ని చీల్చుకొని వచ్చేవి, దానిపై నుంచి చుట్టి వచ్చేవి, ఆ కండరాలకు పూర్తిగా వెలుపలగా సాగేవి. ఎంత కండరం కోయవచ్చో నిర్ణయించడానికి నేటికీ ఇదే ఆధారం.

క్షారసూత్రం మళ్లీ వెలుగులోకి

1960ల దశకంలో వారణాసిలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పి.జె. దేశ్‌పాండే, ఆయన సహచరులు, దాదాపు మరుగున పడిన క్షారసూత్రాన్ని తిరిగి వాడుకలోకి తెచ్చారు. నారదారానికి ఆకుజెముడు పాలను 11 సార్లు, ఆ పాలతో ఉత్తరేణి క్షారాన్ని కలిపి 7 సార్లు, పాలతో పసుపును కలిపి 3 సార్లు, మొత్తం 21 పూతలు పట్టించి ఆరబెడతారు. మార్గంలో కట్టిన దారాన్ని వారానికొకసారి మారుస్తారు. దారం కోసుకుంటూ వెళ్లిన కొద్దీ వెనుక గాయం మానుతూ వస్తుంది కాబట్టి కండరం కొసలు ఒక్కసారిగా విడిపోవు.

భారత వైద్య పరిశోధన మండలి ఈ పద్ధతిని పలు కేంద్రాలలో శస్త్రచికిత్సతో పోల్చి 1991లో ఫలితాలను ప్రచురించింది. క్షారసూత్రంతో గాయం మానడానికి 8 వారాలు, శస్త్రచికిత్సతో 4 వారాలు పట్టింది. వ్యాధి తిరగబెట్టడం మాత్రం క్షారసూత్రంలో 4 శాతం, శస్త్రచికిత్సలో 11 శాతం. ఒక ప్రాచీన పద్ధతిని నమ్మకం మీద వదిలేయకుండా లెక్కలతో పరీక్షకు పెట్టిన ఈ ప్రయత్నం ఆదర్శప్రాయమైనది.

నేటి చికిత్స, ఉపద్రవాలు

కండరం తక్కువగా ఇమిడి ఉన్న మార్గాన్ని ఇప్పటికీ కోసి తెరిచి మానేలా వదులుతారు. ఎక్కువ కండరం ఇమిడి ఉంటే ఎమ్మారై తీసి మార్గాన్ని గుర్తించి, ముందుగా చీము కారిపోయేలా వదులుగా దారం కడతారు. 2007లో బ్యాంకాక్‌కు చెందిన అరుణ్ రోజనసకుల్ ప్రకటించిన లిఫ్ట్ పద్ధతిలో కండరాన్ని కోయకుండా, రెండు కండరాల నడుమనే మార్గాన్ని కట్టి తెంచుతారు. క్రోన్స్ వ్యాధి వల్ల వచ్చినవాటికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందు పనిచేస్తుందని 1999లో రుజువైంది.

చికిత్స జరగని భగందరంలో చీముగడ్డలు పదేపదే లేస్తాయి, మార్గం శాఖలుగా చీలుతుంది, కొన్నిసార్లు మలద్వారం వెనుకగా రెండువైపులకూ గుర్రపునాడా ఆకారంలో పాకుతుంది; మధుమేహం ఉన్నవారిలో చీము వేగంగా వ్యాపించి ప్రాణాపాయం కలిగించవచ్చు. చికిత్స వల్ల కలిగే ఉపద్రవాలలో అతి దుర్భరమైనది మలంపై అదుపు తప్పడం. ముందువైపు కండరం పొట్టిగా ఉండడం వల్ల, ప్రసవాలలో అది దెబ్బతిని ఉండే అవకాశం కూడా ఉండడం వల్ల స్త్రీలలో ఈ ప్రమాదం ఎక్కువ. మలద్వారం దగ్గర చీము గానీ రసి గానీ తరచుగా కారుతున్నవారు బిడియపడి మొలలనుకొని ఊరుకోకుండా, కండరాన్ని పరీక్షించి చూడగల శస్త్రవైద్యుని సలహా తీసుకోవాలి. దశాబ్దాలపాటు మానకుండా ఉండిపోయిన మార్గంలో అరుదుగా క్యాన్సర్ పుట్టే అవకాశం ఉంది కాబట్టి, అటువంటి రోగుల నుంచి తీసిన కణజాలాన్ని తప్పనిసరిగా సూక్ష్మదర్శినితో పరీక్షించాలి.