బియ్యప్పెట్టె రాజుగారు

కొరియా చారిత్రక సీరియల్స్ చూసేవాళ్ళకి పేరు గుర్తులేకపోయినా ముఖం గుర్తుంటుంది. తెల్లగడ్డం, ఎర్రటి రాజవస్త్రం, కోపమొస్తే సభంతా మారుమోగే గొంతు. ఆయనే లీ సూన్-జే.

1934లో ఇప్పటి ఉత్తర కొరియాలో ఉన్న హోర్యోంగ్‌లో పుట్టారు. సియోల్ నేషనల్ యూనివర్సిటీలో ఫిలాసఫీ చదివి, 1956లో నాటకాల్లోకి వచ్చారు. మధ్యలో నాలుగేళ్ళు పార్లమెంటు సభ్యుడిగానూ ఉన్నారు. ఆ ముచ్చట మన ఎన్టీఆర్‌ని చూసినవాళ్ళకి కొత్తేమీ కాదులెండి.

1999లో వచ్చిన 'హో జున్'లో ఆయన వైద్యగురువు. చనిపోయాక తన శరీరాన్నే కోసి నేర్చుకోమని శిష్యుడికి వదిలిపోతాడు. ఇది చరిత్రలో జరిగింది కాదు, కల్పితమే. అయినా ఏడవకుండా చూడలేం.

నన్ను పట్టి కుదిపింది మాత్రం 2007 నాటి 'యిసాన్'. అందులో ఆయన యోంగ్జో మహారాజు. ఈ రాజు నిజంగానే 52 ఏళ్ళు ఏలాడు. 1762లో, ఎండాకాలంలో, కన్నకొడుకు సాడోని బియ్యం నిలవచేసే చెక్కపెట్టెలో పెట్టి మూయించాడు. ఎనిమిదో రోజుకి ప్రాణం పోయింది. యువరాజుకి మతి చెడింది, అంతఃపురంలో పనివాళ్ళని చంపేవాడు. ఏదో ఒకటి చెయ్యమని రాజుని అడిగింది కన్నతల్లేనట! ఈ సంగతులన్నీ రాసిపెట్టింది సాడో భార్య, హ్యెగ్యోంగ్. చిన్నపిల్లగా ఆ ఇంటి కోడలై వచ్చి, అరవై దాటాక తన జ్ఞాపకాలు రాసుకుంది. మామగారిని తిట్టలేదు, మొగుణ్ణి వెనకేసుకురాలేదు, ఇద్దర్నీ అర్థం చేసుకోవాలని చూసింది. రాజుల చరిత్ర రాసిన పండితులకంటే ఆ కోడలి మాటే నాకు నమ్మబుద్ధవుతుంది.

కొడుకుని చంపించిన ఆ తాతే మనవణ్ణి దగ్గర పెట్టుకుని రాజుని చేశాడు. అలాంటి మనిషిని ఎలా నటించాలి? రాక్షసుడిగా చూపిస్తే సులువు. లీ సూన్-జే అలా చెయ్యలేదు. మనవడికి చదువు చెప్తున్నప్పుడు కూడా ఆ కళ్ళలో పెట్టె కనిపిస్తూనే ఉంటుంది. ప్రేమిస్తున్నాడా, పరీక్షిస్తున్నాడా అని మనకీ భయమేస్తుంది. డెబ్భై దాటిన మనిషి చేసిన పని అది.

తర్వాతా ఇంట్లో కూర్చోలేదు. 2021లో, 87వ ఏట, రంగస్థలం మీద 'కింగ్ లియర్' వేశారు. మూడు గంటలు దాటిన నాటకం! ఇంకో పిచ్చి తండ్రి పాత్ర. 2024 కేబీఎస్ అవార్డుల్లో అత్యున్నత బహుమతి అందుకున్నప్పుడు తొంభై ఏళ్ళు. తను పాఠాలు చెప్పే కాలేజీ పిల్లల్ని తలుచుకుని వేదిక మీద కన్నీళ్ళు పెట్టుకున్నారు. 2025 నవంబరు 25న వెళ్ళిపోయారు.

'యిసాన్' 77 ఎపిసోడ్లు. మొదటిది మాత్రం చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడకండి. ఆ పెట్టె అందులోనే ఉంది.