రేచీకటికి కొలబద్ద

మా మావయ్య కంటి పరీక్షలో ఎప్పుడూ పాసయ్యేవాడు. గోడమీది చార్టులో దాదాపు చివరి వరస దాకా చదివేసేవాడు. "చూపు బానే ఉందండీ" అని పంపించేసేవారు. అదే మనిషి, పొద్దుగూకితే పాలకొల్లు దగ్గర మా ఊరి కాలవ గట్టు మీద నా భుజం పట్టుకోకుండా పదడుగులు వేయలేకపోయేవాడు. పెళ్ళి భోజనాల దగ్గర మంచినీళ్ళ గ్లాసు తన్నేస్తే అందరూ నవ్వేవాళ్ళు. పిల్లలం మేమూ నవ్వాం. అది రెటినైటిస్ పిగ్మెంటోసా అని, వంశంలో వచ్చేదని తెలిసేసరికి ఆయనకి నలభై దాటాయి.

రేచీకటి అనే మాట మనకి రెండు జబ్బుల్ని కలిపి చెబుతుంది. విటమిన్ ఏ తక్కువైతే వచ్చేది ఒకటి, అది మందుతో తగ్గుతుంది. రెండోది జన్యువుల్లోది. రెటీనాలో మసక వెలుతురులో పనిచేసే కణాలు ముందు దెబ్బతింటాయి. తర్వాత పక్కచూపు కుంచించుకుపోయి, గొట్టంలోంచి చూస్తున్నట్టు అవుతుంది. నడిమి చూపు మాత్రం చాలాకాలం నిలుస్తుంది. చార్టు కొలిచేది ఆ నడిమి చూపునే. విచిత్రం ఏంటంటే, ఈ జబ్బుకి 1850ల్లో పేరు పెట్టిన డోండర్స్, 1862లో ఆ చార్టు తయారుచేసిన స్నెల్లెన్, ఇద్దరూ నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో కలిసి పనిచేసినవాళ్ళే.

మన దగ్గర లెక్క మారింది 1996లో. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వే మొదలుపెట్టింది. 2000 దాకా సాగిన ఆ సర్వేలో హైదరాబాదు నగరంతో పాటు ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లెల్లో మొత్తం 10,293 మందిని పరీక్షించారు. పశ్చిమ గోదావరిని తీసుకున్నది కలిగిన పల్లెలకి నమూనాగా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు తెచ్చిన కలిమి అది. ఆ సర్వేలో అంధత్వం 1.84 శాతం అని తేలింది. అందులో అరవై శాతం శుక్లాలు, కళ్ళజోడు లేకపోవడం లాంటి, తేలిగ్గా సరిచేయగల కారణాల వల్లే.

నన్ను ఆపింది మాత్రం వాళ్ళ నిర్వచనం. చూపు 6/60 కన్నా తక్కువున్నవాళ్ళనే కాదు, చూపు విస్తీర్ణం 20 డిగ్రీల కన్నా కుంచించుకుపోయినవాళ్ళనీ అంధుల్లో లెక్కవేశారు. అంటే చార్టు చదివేసిన మావయ్యలాంటివాళ్ళు కూడా, చూపు అంత సన్నబడ్డాక, ఆ లెక్కలోకి వస్తారు.

కానీ ఎంతమంది అని తెలిస్తే, ఎలా బతుకుతున్నారు అని తెలియదు. దానికి అదే సంస్థ నుంచి విజయ గోత్వాల్, ఇంకో ఇద్దరు పరిశోధకులతో కలిసి, 2003లో పిల్లల కోసం ఒక ప్రశ్నావళి ప్రచురించారు. 8 నుంచి 18 ఏళ్ళ మధ్య, చూపు లోపం ఉన్న 78 మందిని అడిగి తయారుచేసింది. అందులో మన ఇళ్ళు, మన వీధులు ఉంటాయి: బస్సు నంబరు కనిపిస్తుందా, రూపాయి బిళ్ళకీ రెండు రూపాయల బిళ్ళకీ తేడా తెలుస్తుందా, సూదిలో దారం ఎక్కించగలవా, బ్రష్షు మీద పేస్టు వేసుకోగలవా. జవాబుల్ని ఊరికే కూడి మార్కులివ్వలేదు. డెన్మార్క్ గణితవేత్త రాష్ పద్ధతి వాడారు. ప్రశ్న ఎంత కష్టమో, మనిషి ఎంత చేయగలడో, రెండింటినీ ఒకే కొలబద్ద మీద పెట్టే పద్ధతి అది.

ఈ కొలతల మీదే మందుల భవిష్యత్తు కూడా ఆధారపడుతుంది. 2017 డిసెంబరులో అమెరికా ఆమోదించిన లక్స్‌టర్నా అనే జన్యు చికిత్స ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువు లోపానికే పనికొస్తుంది. దాని ఫలితాన్ని ముఖ్యంగా కొలిచింది చార్టుతో కాదు. రకరకాల వెలుతురుల్లో, అడ్డంకుల మధ్య మనిషిని నడిపించి.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ పిల్లల ప్రశ్నలే కొన్ని మావయ్యని అడిగాను.

"పేస్టు వేసుకోవడం కష్టమా మావయ్యా?"

"బ్రష్షు మీద ఎవడేసుకుంటాడ్రా, వేలి మీద వేసుకుని నోట్లో పెట్టుకుంటా."

"రాత్రిపూట ఇంటికి నడిచి రావడం?"

"ఏం కష్టం లేదు. రాత్రి బయటకే వెళ్ళను కదా."

నేనేం రాసుకోవాలి? కష్టం లేదనా? మానేసిన పనిలో కష్టం ఉండదు. ఓర్చుకోవడాన్ని కొలవబోతే, ఓడిపోవడం కూడా అదే గడిలో పడుతుంది.

ఇంకో విషయానికి అసలు గడే లేదు. మా తాతయ్య, అమ్మమ్మలది మేనరికం. రక్తసంబంధీకుల పెళ్ళిళ్ళకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని జర్మనీలో లీబ్రీష్ 1861లోనే రాశాడు. మేనరికం కాని ఇళ్ళలోనూ ఇది వస్తుంది, మేనరికాలన్నిట్లోనూ రాదు. మా ఇంట్లో వచ్చింది తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ చెడ్డ ప్రతి అందితేనే బయటపడే రకం అన్నారు. ఆ లెక్కన మావయ్య కూతురికి ఒక ప్రతి తప్పకుండా ఉంటుంది. నాకూ ఉండే అవకాశం మూడింట ఒకటి. నన్ను అల్లుణ్ణి చేసుకోవాలని అమ్మమ్మకి ఎప్పటి నుంచో ఉంది. నేను ఈ లెక్క చెప్పి కాదన్నాను. ఆ మాట హాల్లో అన్నాను, మావయ్య అక్కడే కూర్చుని ఉన్నాడు.

"మంచిపని చేశావురా" అన్నాడు, చాలా మామూలుగా. ఆ తర్వాత ఏడాది పాటు మా ఇంటికి రాలేదు. దారి కనబడక రాలేదని అమ్మ అందరికీ చెప్పింది. ఆ ఏడాది చూపు తగ్గడం వల్ల వచ్చిందా, నా వల్ల వచ్చిందా అని విడదీసి చెప్పే ప్రశ్న ఏ కాగితం మీదా నాకు కనబడలేదు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ మధ్య వారసత్వ రెటీనా జబ్బుల కోసమే చేసిన ప్రశ్నావళుల్లో, చూపు వల్ల కలిగే ఆందోళనని విడిగా అడిగేది ఒకటుంది. అది మంచి మొదలే. అందులోకి మేనల్లుళ్ళు ఎలా వస్తారో మాత్రం తెలుగు ఇళ్ళలో కూర్చుని అడిగినవాళ్ళే రాయాలి.

ప్రశ్నలయ్యాక మావయ్య అడిగాడు, "ఇంతకీ మార్కులెన్నొచ్చాయిరా?"

కూడలేదన్నాను. అప్పటికి చీకటి పడుతోంది. లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు.