కంది మొగ్గల మీద పురుగు: ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సింది



మన బీదర్ జిల్లాలో కంది, అంటే ఇక్కడి తొగరి, ముఖ్యమైన పంట. దసరా సెలవుల రోజుల్లో చేను మొగ్గ తొడుగుతుంది. పురుగు పడేది కూడా అప్పుడే. మొగ్గ పోతే కాయ లేదు.

రెండు పురుగుల్ని గుర్తుపట్టండి. శనగపచ్చ పురుగు మొదట మొగ్గల్ని, పూతను తింటుంది. తర్వాత కాయకు గుండ్రంగా రంధ్రం చేసి గింజ తింటుంది. మారుకా మచ్చల పురుగు ఆకులు, మొగ్గలు, పూలు కలిపి గూడు కట్టి లోపల దాక్కుంటుంది. గూళ్లు కనబడితే తెంపి నాశనం చేయండి.

పురుగు చిన్నగా ఉన్నప్పుడే వేప కషాయం పని చేస్తుంది. లీటరు నీళ్లకు 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడగట్టి, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం చల్లండి. పిట్టలు వాలడానికి ఎకరానికి 20 కర్రలు నాటండి. పిట్టలే పురుగుల్ని ఏరుకుంటాయి.

పురుగు పెద్దదైతే మందుకు లొంగదు. మొక్కల కింద పట్టా పరచి మెల్లగా ఊపితే రాలిపడుతుంది. మనకు దగ్గర్లోనే ఉన్న పటాన్‌చెరు ఇక్రిశాట్ ఈ పద్ధతిని రైతులతో చేయించింది.

ఊపడం, ఏరడం పిల్లలు చేయొచ్చు. మందు కలపడం, కొట్టడం మాత్రం వాళ్లకు అప్పజెప్పొద్దు. ఖాళీ మందు డబ్బాల్లో నీళ్లు, నూనె పోయొద్దు. ఏ మందు, ఎంత అనేది రైతు సంపర్క కేంద్రంలో అడగండి.

పిల్లలూ, పది మొక్కల మీద ఎన్ని పురుగులున్నాయో లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకుని రండి. బడి తెరిచాక మాట్లాడుకుందాం.

— ప్రధానోపాధ్యాయుడు