సిస్టమ్ హార్డెనింగ్

కంప్యూటర్లు, సర్వర్లు, నెట్‌వర్కుల్లో చొరబాటుకు వీలిచ్చే మార్గాలను దాడికి ముందే మూసివేసే భద్రతా ప్రక్రియను సిస్టమ్ హార్డెనింగ్ అంటారు.

దీని అవసరాన్ని లోకానికి చాటినది 1988 నవంబరు 2న అమెరికాలో విడుదలైన మోరిస్ వర్మ్ అనే హానికర ప్రోగ్రామ్. సెండ్‌మెయిల్‌లో తెరిచి ఉంచిన డీబగ్ సౌకర్యం, ఫింగర్ సర్వీసులోని బఫర్ ఓవర్‌ఫ్లో లోపం, తేలిగ్గా ఊహించగల పాస్‌వర్డులు దానికి దారులయ్యాయి. అదే నెలలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తొలి కంప్యూటర్ ఎమర్జెన్సీ రెస్పాన్స్ టీమ్ ఏర్పడింది. భారత్‌లో ఇలాంటి ఘటనలపై స్పందించే బాధ్యత చూసే సెర్ట్-ఇన్ 2004 జనవరిలో పని ప్రారంభించింది.

అక్కరలేని సర్వీసులను ఆపడం, వాడని పోర్టులను మూయడం, డీఫాల్ట్ పాస్‌వర్డులను మార్చడం, ప్రతి ఖాతాకూ పనికి సరిపడా అనుమతులే ఇవ్వడం, లోపాలను సరిచేసే ప్యాచ్‌లను సకాలంలో వేయడం హార్డెనింగ్‌లోని ప్రధాన చర్యలు. ఒకటి విఫలమైనా మరొకటి అడ్డుకునేలా వీటిని అంచెలుగా అమరుస్తారు. నెట్‌వర్కును విభాగాలుగా విడదీస్తే ఒకచోట చొరబడినవారు మిగతా చోట్లకు చేరడం కష్టమవుతుంది.

ప్యాచ్‌లు వేయడంలో జాప్యానికి మూల్యం ఎంతో 2017లో తేలింది. విండోస్‌లో ఫైళ్లను పంచుకునే ఎస్‌ఎంబీ ప్రోటోకాల్‌లోని లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ విడుదల చేసింది. మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ అదే లోపం గుండా సుమారు 150 దేశాలకు పాకింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేలాది అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి.

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం భారత్‌లోని సంస్థలు సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లోగా దానికి తెలియజేయాలి. సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి.