ఛాయాపటములోని విమానము

పత్తర్‌గట్టి రాతి కమానుల క్రింద ముత్యములకు, అత్తరులకు, పెండ్లి చీరలకు ఉన్న గిరాకీ పాత పటములకు లేదు. అయినను అచ్చటి యొక చిన్న దుకాణమున రంగు వెలసిన ఛాయాపటమొకటి నా కంటబడినది. జంట రెక్కల విమానము; దాని ప్రక్కన ఆంగ్లాక్షరములలో హైదరాబాదు పేరు. అది నిజాము ప్రభువు సొంత విమానమనియు, బేగంపేటలో దిగినదనియు దుకాణదారుని వాదము.

ఇట్టి పటమును పోల్చునపుడు అక్షరములను కొంతసేపు మరచి ముక్కును చూడవలెను. డీ హావిలాండ్ 9 రకమునకు ఇంజను పైభాగము బయటికి కనబడును. రేడియేటరు పొట్ట క్రింద నుండును. 9ఏ రకమునకు ముందువైపుననే లారీ ముఖమువలె వెడల్పైన చదును రేడియేటరు, దాని వెనుక 400 అశ్వశక్తి గల అమెరికా లిబర్టీ ఇంజను. పిమ్మట ఆసనములు. ఇంకను పాతదైన 4వ రకములో చోదకునికి, వెనుకనున్న తుపాకివానికి నడుమ పెట్రోలు తొట్టి యుండెడిది. ఒకరి మాట యొకరికి వినబడుట కష్టము. 9ఏలో ఇరువురును దగ్గరదగ్గర. మన పటములో ముక్కు చదును, ఆసనములు దగ్గర. సందేహము లేదు, ఇది 9ఏ.

ఇక పేరు సంగతి. మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు వైమానిక దళపు 110వ స్క్వాడ్రనుకు ఈ విమానములను కానుకగా నిచ్చినది మీర్ ఉస్మాన్ అలీఖాన్. వానిపై దాత పేరు వ్రాసిరి. 1918 సెప్టెంబరులో ఆ దళము ఫ్రాన్సు చేరి జర్మనీ పట్టణములపై బాంబులు వేసినది. బేగంపేటలో నాటికి విమానాశ్రయమే లేదు! ఆ అక్షరములు ఇచ్చినవారి ఊరును తెలుపునే గాని దిగిన ఊరును గాదు. ఇచ్చినది ప్రభువే యైనను ఖజానా నింపినది రైతు. అతని పేరు ఏ రెక్కపైనను లేదు.

1940లో స్పిట్‌ఫైరులు నడపిన 152వ స్క్వాడ్రనుకును హైదరాబాదు పేరే కలదు. అయితే స్పిట్‌ఫైరుది ఒంటి రెక్క. పొరబడ నవసరము లేదు.

ఆ కానుకలలో ఎఫ్1010 సంఖ్య గల విమానము 1918 అక్టోబరు 5న జర్మనులకు చిక్కినది. బెర్లిను ప్రదర్శనశాలలో నుండి, రెండవ యుద్ధకాలమున పోలెండు చేరినది. 1977లో ఒక స్పిట్‌ఫైరును బదులిచ్చి దానిని లండనులోని వైమానిక దళ మ్యూజియమునకు తెచ్చుకొనిరి.

పటము వెనుక పెన్సిలుతో "డీ హావిలాండ్ 9ఏ, 1918" అని వ్రాసి యిచ్చితిని. దుకాణదారుడు మర్యాదగా తల ఊపెను గాని, నేను మెట్లు దిగుచుండగనే మరియొకరికి బేగంపేట కథ మొదలిడెను.