కాటుక రేకుల పొడ నుంచి పదో కారకం దాకా

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలలో పత్తి తీసేవారికి, మిరపకాయలు కోసేవారికి రక్తపింజరిని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. కుక్కరు ఈల వంటి దాని బుస వినగానే చేతిలోని గంప వదిలి వెనక్కు దూకేవారిని మీరూ చూసి ఉంటారు. అయితే రక్తం ఎలా గడ్డకడుతుందో, ఆ గడ్డకట్టడం మూత్రపిండాలను ఏం చేస్తుందో వైద్యలోకం తెలుసుకోవడంలో ఈ పాముకు పెద్ద పాత్ర ఉందనీ, ఆ కథ తొలి పుట తెలుగు పేరుతోనే మొదలైందనీ చాలామందికి తెలియదు.

1780 దశకంలో ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండు వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ తరఫున ఈ తీరంలోని మొక్కలను, పాములను పరిశీలించడం ఆయన పని. విషమున్న పామును విషం లేనిదాని నుంచి ఎలా గుర్తుపట్టాలన్నది ఆనాటి పెద్ద ప్రశ్న. రసెల్ పాములను తెప్పించి, కోరలు పరీక్షించి, కుక్కలను, కోళ్లను కరిపించి, ఎంతసేపటికి ఏమైందో రాసుకున్నాడు. స్థానికులు చెప్పిన పేర్లనూ రాసుకున్నాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన గ్రంథంలో ఈ పాము ‘కాటుక రేకుల పొడ’గా నమోదైంది. ఒంటిమీది మచ్చలు నల్లని అంచు దిద్దిన రేకుల్లా ఉంటాయి కనుక, ఆ పేరు పెట్టిన అనామకుడి చూపు ఎంత నిశితమో చూడండి. మరుసటి ఏడాదే శాస్త్రజ్ఞులు దానికి రసెల్ పేరు పెట్టారు. మన పేరు పుస్తకంలోనే మిగిలిపోయింది.

తరువాతి అంకం లండన్‌లో జరిగింది. చిన్న గాయానికే రక్తం ఆగని హీమోఫీలియా రోగులకు చికిత్స వెతుకుతూ, మాక్‌ఫార్లేన్ అనే యువవైద్యుడు రకరకాల పాము విషాలను పరీక్షించాడు. రక్తపింజరి విషం అన్నిటికంటె వేగంగా రక్తాన్ని గడ్డకట్టించింది. బాగా పలుచన చేసిన ఆ విషాన్ని గాయంపై అద్దితే రక్తస్రావం ఆగుతుందని 1934లో బార్నెట్‌తో కలిసి ప్రకటించాడు. ఆ విషం ఎక్కడ పనిచేస్తుందో తెలియడానికి ఇంకా సమయం పట్టింది. 1950 దశకంలో కొందరు రోగుల రక్తం ఈ విషం కలిపినా త్వరగా గడ్డకట్టలేదు. వారిలో లోపించిన ప్రొటీనునే నేడు పదో కారకం అంటున్నాం. విషం ఈ పదో కారకాన్ని, దానితో పాటు అయిదో కారకాన్ని నేరుగా మేల్కొలుపుతుంది. అవి త్రాంబిన్‌ను పుట్టిస్తాయి. త్రాంబిన్ రక్తంలోని ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. గడ్డ అంటే ఈ దారాల వలే.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. గడ్డకట్టించే విషమైతే, కాటు తిన్నవారికి చిగుళ్ల నుంచి, సూది గుచ్చినచోటు నుంచి రక్తం ఆగకుండా కారడమేమిటి? శరీరమంతటా ఒకేసారి చిన్నచిన్న గడ్డలు ఏర్పడి, ఉన్న ఫైబ్రినోజన్ అంతా ఖర్చయిపోతుంది. ఇక గడ్డకట్టడానికి సరుకు మిగలదు. ఆ చిన్న గడ్డలు చేరే చోట్లలో మూత్రపిండం ముఖ్యమైనది. గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు అక్కడికే పోతుంది. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల గ్లోమెరులస్‌లు, అంటే సన్నని రక్తనాళాల చుట్టలు, రక్తాన్ని వడపోస్తుంటాయి. గడ్డలు వాటిలో ఇరుక్కుంటాయి. రక్తపోటు పడిపోవడం, విషం నేరుగా చేసే హాని కూడా తోడై మూత్రనాళికల కణాలు చనిపోతాయి. ఈ నాళికలు కొన్ని వారాలలో తిరిగి పెరగగలవు. మూత్రపిండపు వెలుపలి పొరే చచ్చిపోతే మాత్రం అది తిరిగి రాదు.

గడ్డలు దారి మూసివేయడమే మొత్తం కథ అని మా విద్యార్థి దశలో చదువుకున్నాం. అది సగమే. 1991లో అమెరికా శాస్త్రజ్ఞులు త్రాంబిన్‌ను గుర్తించే గ్రాహకాన్ని, అంటే కణం మీది గంట మీట వంటిదాన్ని కనుగొన్నారు. ఆపైన దాని తోబుట్టువులూ బయటపడ్డాయి. మేల్కొన్న పదో కారకం కూడా అటువంటి మీటనే నొక్కి, గ్లోమెరులస్‌కు ఆధారంగా ఉండే మెసాంజియల్ కణాలను విభజించి పెరగమని ఉసిగొల్పుతుందని 2000 దశకంలో జపాన్ పరిశోధకులు చూపారు. ఆ కణాలు మితిమీరి పెరిగితే వడపోత దెబ్బతింటుంది, మచ్చ కడుతుంది. కొన్ని తీవ్ర నెఫ్రైటిస్‌లలో గ్లోమెరులస్ చుట్టూ కణాలు నెలవంకలా పేరుకుంటాయి. దానికి ఫైబ్రిన్ ప్రేరణ అవుతుందని 1970 దశకంలో కుందేళ్లపై ప్రయోగాలలో తెలిసింది. ఫైబ్రినోజన్‌ను ముందే ఖాళీ చేయడానికి వాడినది మరో పాము విషం, మలయా దేశపు పింజరిది!

అయితే ఒక హెచ్చరిక. పై ప్రయోగాలు నెఫ్రైటిస్‌వి, పాముకాటువి కావు. గడ్డలే కారణమైతే గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇస్తే సరిపోతుంది కదా అని బర్మాలో రక్తపింజరి కాటు రోగులపై పరీక్షించారు. ప్రయోజనం కనబడలేదు. విషం రక్తంలో తిరుగుతున్నంతకాలం దాన్ని పట్టి ఆపగలిగేది విరుగుడు సీరమ్ ఒక్కటే. అప్పటికే మూత్రపిండంలో ఇరుక్కున్న గడ్డను సీరమ్ కూడా తీయలేదు. కనుక మంత్రగాడి గుమ్మం దగ్గర గడిచే గంట మూత్రపిండం ఖాతాలో పడుతుంది. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు మరణాలు 12 లక్షల దాకా ఉంటాయని ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాలలో మనదీ ఒకటి.

కాటు వేసిన అవయవాన్ని కదల్చకుండా ఉంచి, తాడు బిగించక, కోయక, పీల్చక ఆసుపత్రికి చేర్చండి. అక్కడ కొద్దిపాటి రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదల్చకుండా ఉంచి, వంచి చూస్తారు. రక్తం ఇంకా నీళ్లలా జారితే విషం పని మొదలుపెట్టినట్లే. ప్లాస్టిక్ గొట్టం ఈ పరీక్షకు పనికిరాదు, గడ్డకట్టడాన్ని పురికొల్పేది గాజే. సీరమ్ ఇచ్చాక కాలేయం కొత్త ప్రొటీన్లు తయారుచేయడానికి గంటలు పడుతుంది కనుక, ఆరు గంటలకు అదే పరీక్ష మళ్లీ చేస్తారు. ఈలోగా రోగి బంధువులు కనిపెట్టవలసినది మూత్రం ఎంత వస్తోంది, ఏ రంగులో ఉంది అన్నది. తగ్గినా, ఎర్రబడినా వెంటనే నర్సుకు చెప్పండి. బతికి బయటపడి చేనికి తిరిగివెళ్లినవారు మూడు నెలలకొకసారి, ఏడాదిపాటు, రక్తపోటు, మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. ఈ మూడు పరీక్షలూ ప్రభుత్వాసుపత్రిలో జరిగేవే.