శ్రోతలు గెలుచుకున్న ఆదివారం

1930 ప్రాంతంలో లండన్‌లోనో గ్లాస్గోలోనో ఆదివారం పొద్దున్నే రేడియో పెట్టినవాళ్లకు పాట లేదు, కబురు లేదు. జనం చర్చికి వెళ్లే వేళ రేడియో అడ్డు రాకూడదన్నది బీబీసీ నియమం. మధ్యాహ్నం దాటాక గొంతు విప్పినా ప్రార్థనలు, ప్రసంగాలు, గంభీరమైన సంగీతమే వినిపించేవి. నవ్వులకు, డాన్సు బాణీలకు ఆరు రోజులు. ఏడో రోజు దేవుడిది.

అదే దేశంలో ఇప్పుడు ఆదివారం బీబీసీ రేడియో 4 పెట్టి చూడండి. తెల్లవారకముందే ఓడలకు వాతావరణ సూచన. ఆ తర్వాత ఏదో ఒక ఊరి చర్చి గంటలు, ఒక రైతు పొలం ముచ్చట్లు, మత విశేషాలు, ప్రార్థన. వాటి వెనకే వార్తలు, పల్లె ధారావాహిక, తోటపని, నాటకం, పొద్దుపోయాక పార్లమెంటు రాజకీయం. ప్రధానంగా మాటల మీదే నడిచే జాతీయ రేడియోలో ఒక్క రోజుకు ఇంత వైవిధ్యం పైవాళ్లు దయతలచి ఇవ్వగా రాలేదు. శ్రోతలు పట్టుబట్టి తెచ్చుకున్నారు.

రీత్ గీసిన గీత

నియమం పెట్టింది జాన్ రీత్. స్కాట్లాండ్‌కు చెందిన ఒక మతబోధకుడి కొడుకు. 1922 చివరి నుంచి 1938 దాకా బీబీసీ ఆయన మాట మీదే నడిచింది. మనిషి పట్టుదల గట్టిది, ఉద్దేశమూ మంచిదే. 1924 జనవరి 6న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కనున్న సెయింట్ మార్టిన్ చర్చి ప్రార్థన రేడియోలో ప్రసారమైంది. మంచం దిగలేని ముసలివాళ్ల గదిలోకి గుడే నడిచివచ్చినట్టయింది. 1926 జనవరిలో మరో మంచి పని మొదలైంది. వారానికో సేవాసంస్థ తరఫున ఒకరు మైకు ముందుకొచ్చి విరాళం అడగడం. పేరు మారినా ఆ విజ్ఞప్తి నేటికీ ఆదివారం ఉదయం వినిపిస్తూనే ఉంది.

కానీ వారమంతా ఫ్యాక్టరీలో, గనిలో ఒళ్లు హూనం చేసుకున్నవాడికి దొరికే సెలవు ఆ ఒక్క రోజే. ఆ రోజు కాస్త నవ్వుకుందామంటే సొంత దేశపు రేడియో ఒప్పుకోలేదు. దాంతో జనం పక్కదేశం వైపు మీట తిప్పారు. ఫ్రాన్స్ నుంచి రేడియో నార్మండీ 1931లో, ఆపై లక్సెంబర్గ్ 1933లో వ్యాపార ప్రకటనలతో ఇంగ్లీషు కార్యక్రమాలు మొదలుపెట్టాయి. ఓవల్టీన్ అనే పానీయం కంపెనీ పిల్లల కార్యక్రమం ఆదివారం సాయంత్రం వస్తుందంటే ఇంట్లో పిల్లలంతా రేడియో చుట్టూ చేరేవారు. ఆదివారాల్లో బీబీసీని వదిలి లక్సెంబర్గ్ వినేవాళ్లే ఎక్కువయ్యారు. రీత్ మాత్రం గీత దాటలేదు.

యుద్ధం తెరిచిన తలుపు

1939 సెప్టెంబరు 3 ఆదివారం. ఉదయం 11.15కు ప్రధాని చాంబర్లేన్ జర్మనీతో యుద్ధం వచ్చిందని ప్రకటించాడు. ప్రార్థన కోసం అట్టిపెట్టిన వేళలోనే దేశమంతా రేడియో ముందు కూర్చుంది. నాలుగు నెలలకు, 1940 జనవరి 7న, అదీ ఆదివారమే, సైనికుల కోసం ప్రత్యేక ప్రసారం మొదలైంది. ఫ్రాన్స్‌లో శిబిరాల్లో ఉన్న కుర్రాళ్లకు ఆదివారమైనా హాస్యం, పాటలు కావాలి. వాటిని ఇంటి దగ్గరున్న అమ్మానాన్నలూ విన్నారు. పాత ఆదివారం మళ్లీ తిరిగి రాలేదు.

ఆ ఏడాదే చర్చి గంటలు మూగబోయాయి. శత్రువు దిగితేనే మోగించాలని ఆజ్ఞ. ఎల్ అలమైన్ యుద్ధంలో గెలిచాక, 1942 నవంబరు 15 ఆదివారం, మళ్లీ మోగాయి. రెండేళ్ల ముందు బాంబులకు కూలిన కోవెంట్రీ కెథెడ్రల్‌లో గోపురం నిలిచింది. దాని గంటలను బీబీసీ ప్రసారం చేసింది. ఈనాటి ఆదివారపు గంటల వెనక ఆ జ్ఞాపకం ఉంది.

పొలం, తోట, పరాయి భాష

యుద్ధం ముగిసినా రేషన్ 1954 దాకా పోలేదు. తిండి పండించడం దేశానికి ప్రాణావసరం. 1947 ఏప్రిల్ 9న తోటమాలుల సందేహాలకు నిపుణులు జవాబులిచ్చే కార్యక్రమం మొదలైంది. రైతులకు సేద్యపు సలహాలు కథలో కలిపి చెప్పాలనే ఆలోచనతో గాడ్‌ఫ్రీ బేస్‌లీ రూపొందించిన 'ది ఆర్చర్స్' 1951 జనవరి 1 నుంచి దేశమంతా వినిపించింది. ఇప్పటికీ నడుస్తోంది. వారం భాగాలన్నీ కలిపి ఆదివారం ఒకేసారి వినిపిస్తారు. మన ఆకాశవాణి 'పాడిపంటలు' విన్నవాళ్లకు ఆ రుచి కొత్త కాదు.

1965 అక్టోబరులో భారత్, పాకిస్తాన్‌ల నుంచి వలస వచ్చినవాళ్ల కోసం ఆదివారం ఉదయాల్లో హిందుస్తానీలో కార్యక్రమం మొదలైంది. 'అప్నా హీ ఘర్ సమఝియే', అంటే మీ ఇల్లే అనుకోండి అని దాని పేరు. చలిదేశంలో ఒంటరిగా ఉన్నవాళ్లకు ఆ పిలుపు ఎంత ధైర్యమో చెప్పనక్కర్లేదు. 1967 సెప్టెంబరు 30న పాత హోమ్ సర్వీస్ రేడియో 4గా మారింది. ఆదివారపు అలవాట్లనూ వెంట తెచ్చుకుంది.

ఈ కథ మనకు దూరపుది కాదు. 1935లో భారత ప్రసారాల తొలి కంట్రోలర్‌గా వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ బీబీసీ మనిషే. మరుసటి ఏడాది ఆలిండియా రేడియో పేరు స్థిరపడింది. 1938లో మద్రాసు కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం వచ్చాయి. రేడియో అన్నయ్య, అక్కయ్యల బాలానందం, ఉషశ్రీ ధర్మసందేహాలు, ఆదివారపు నాటకాలు తెలుగిళ్లలో తిథుల్లాగా నాటుకుపోయాయి.

ఎవరికి నచ్చింది వాళ్లు విడిగా వినే రోజులివి. రైతు మాట పట్నంవాడి చెవిన, ప్రార్థన నాస్తికుడి చెవిన, పరాయి భాష పక్కింటివాడి చెవిన పడేది ఇలాంటి కలగలుపు రేడియోలోనే. ఆ మేలు మరొకటి చేయలేదు. శ్రోతలు కదిలితే రేడియో మారుతుందని బ్రిటన్ చెప్పింది, వినేవాళ్లు లేకపోతే అది మూగబోతుందన్నదీ అంతే నిజం. ఈ ఆదివారం ఒక్క గంట ఆకాశవాణి పెట్టండి. బాగుంటే బాగుందనీ, లోటుంటే ఇది కావాలనీ ఒక ఉత్తరం రాయండి.